కారు దారిలో ఆగిపోతే: రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఎంచుకునే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, దారిలో బండి ఆగితే వచ్చి సాయం చేసే, లేదా గ్యారేజీకి చేర్చే ఈ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మళ్లీ ఎందుకు?

మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ ప్రమాదానికి, దొంగతనానికి, వరదకి, అగ్నికి పనికొస్తుంది. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మాకు సంబంధం లేదని ఆ పాలసీలోనే రాసి ఉంటుంది. బ్యాటరీ దిగిపోయినా, క్లచ్ ప్లేట్ కాలిపోయినా అందులోంచి రూపాయి రాదు.

యాక్సిడెంట్ జరిగి బండి కదలకపోతే దాన్ని దగ్గరి గ్యారేజీకి చేర్చడానికి పాలసీ కొంత ఇస్తుంది. ప్రైవేటు కార్లకి ప్రామాణిక పాలసీలో ఆ పరిమితి ఒక ప్రమాదానికి 1,500 రూపాయలు. ఇప్పటి టోయింగ్ రేట్లకి అది ఊరి లోపలి దూరానికే బొటాబొటి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకి అదీ లేదు.

నాకు ఇప్పటికే ఈ సర్వీసు ఉందేమో తెలుసుకోవడం ఎలా?

కొత్తది కొనేముందు ఈ పని తప్పక చెయ్యండి. చాలామంది ఒకే సేవకి రెండు చోట్ల డబ్బు కడుతున్నారు.

కారు కొత్తదైతే వారంటీ పుస్తకం, డెలివరీ రోజు ఇచ్చిన ఇన్‌వాయిస్ చూడండి. చాలా కంపెనీలు వారంటీ నడిచినన్నాళ్లూ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఇస్తాయి, లేదా షోరూమ్ వాళ్లే ఆ ప్యాకేజీ కలిపి అమ్ముతారు. అది ఛాసిస్ నంబరు మీద నమోదై ఉంటుంది. సర్వీస్ సెంటర్‌కి ఆ నంబరు చెబితే గడువు ఎప్పటిదాకా ఉందో చెప్పేస్తారు. తర్వాత ఇన్సూరెన్స్ పాలసీ షెడ్యూల్ తెరిచి యాడ్-ఆన్‌ల (అదనపు ప్రీమియంతో పాలసీకి కలిపే కవర్ల) వరుసలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని ఉందో లేదో, దాని ఎదురుగా ప్రీమియం వసూలు చేశారో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు అది ముందే టిక్ అయి ఉండటం మామూలే. క్రెడిట్ కార్డుతో వచ్చే సర్వీసుని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. వాటిలో చాలావరకు ఫోన్‌లో మెకానిక్‌ని మాట్లాడి పెట్టడమే, బిల్లు మీదే.

ఎన్ని రకాల కంపెనీలున్నాయి? ఎవరి దగ్గర తీసుకోవాలి?

మూడు రకాలు: కారు తయారీదారు, ఇన్సూరెన్స్ కంపెనీ, ఈ పనే వ్యాపారంగా పెట్టుకున్న స్వతంత్ర సంస్థలు. ఫోన్ ఎవరు ఎత్తినా రోడ్డు మీదికి వచ్చే బండి దాదాపు ఎప్పుడూ కాంట్రాక్టు మీద పనిచేసే స్థానిక రికవరీ వ్యాన్ వాళ్లదే. ఒకే ఊళ్లో ఒకే ఫ్లాట్‌బెడ్ (కారుని మొత్తంగా పైకెక్కించుకుని తీసుకెళ్లే వ్యాన్) యజమాని నాలుగు కంపెనీల కాల్స్ తీసుకుంటాడు. అందుకే బ్రాండు పేరు కన్నా మీరు తిరిగే దారుల్లో ఆ కంపెనీకి ఎవరితో ఒప్పందం ఉందన్నదే అసలు విషయం.

వారంటీలో ఉన్న కారుకి తయారీదారు సర్వీసే మేలు. బండి నేరుగా వాళ్ల వర్క్‌షాప్‌కే వెళ్తుంది, వారంటీ క్లెయిమ్ దగ్గర పేచీ ఉండదు. వారంటీ దాటి, ఎక్కువగా సొంత జిల్లాలోనే తిరిగే కారుకి ఇన్సూరెన్స్ యాడ్-ఆన్ చాలు. ఖర్చు సాధారణంగా వందల్లోనే ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఏడెనిమిదేళ్లు దాటిన కారుతో దూరప్రయాణాలు చేసేవాళ్లు స్వతంత్ర సంస్థల ప్లాన్లు చూడొచ్చు. అవి ఖరీదు ఎక్కువే అయినా టోయింగ్ దూరం ఎక్కువ ఇస్తాయి. పాత కార్లకి కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ యాడ్-ఆనే ఇవ్వవు కాబట్టి, ఒక్కోసారి వేరే దారి కూడా ఉండదు.

కంపెనీ పనితీరు కొనకముందే తెలిసేదెలా?

ఆన్‌లైన్ రేటింగ్స్ ఇక్కడ పెద్దగా ఉపయోగపడవు. హైదరాబాద్‌లో అరగంటలో వచ్చిన కంపెనీయే మారేడుమిల్లిలో అసలు రాకపోవచ్చు. కొనేముందు వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, మీరు నిజంగా వెళ్లే దారిలో ఒక చోటు పేరు చెప్పి అడగండి. “రాత్రి పదకొండింటికి కోదాడ దాటాక బండి ఆగితే ఏ ఊరి నుంచి వ్యాన్ వస్తుంది? ఫ్లాట్‌బెడ్డా, ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్లేదా? ఎంతసేపు పడుతుంది?” ఊరి పేరు చెప్పగలిగితే అక్కడ వాళ్లకి మనిషి ఉన్నాడని అర్థం. “పాన్ ఇండియా నెట్‌వర్క్ ఉంది సార్” అని ఊరుకుంటే లేడనుకోండి.

మీ మెకానిక్‌ని కూడా అడగండి. ఏ కంపెనీ ద్వారా బళ్లు అతని షెడ్డుకి వస్తుంటాయో, ఏ కంపెనీ వ్యాన్ వాళ్లకి సకాలంలో డబ్బు ఇవ్వదో అతనికి తెలుస్తుంది. పాత బిల్లులు పెండింగ్ పెట్టిన కంపెనీ కాల్‌ని వ్యాన్ డ్రైవర్ అందరికన్నా చివర ఎత్తుతాడు. మీ గంటల తరబడి ఎదురుచూపుకి చాలాసార్లు కారణం ఇదే.

“ఉచిత టోయింగ్ 50 కిలోమీటర్లు” అంటే ఎక్కణ్ణుంచి ఎక్కడికి?

ఎక్కువ గొడవలు దీని దగ్గరే. మూడు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి.

మొదటిది, దూరం బండి ఆగిన చోటి నుంచి గ్యారేజీ దాకా లెక్కిస్తారా, లేక వ్యాన్ తన అడ్డా నుంచి బయల్దేరి తిరిగి అడ్డాకి చేరేదాకానా? రెండో పద్ధతైతే 50 కిలోమీటర్లలో సగం దారి ఖాళీ వ్యానే తినేస్తుంది. రెండోది, గమ్యం “దగ్గరి అధీకృత వర్క్‌షాప్” మాత్రమేనా, మీరు చెప్పిన చోటికా? మూడోది, పరిమితి దాటాక కిలోమీటరుకి ఎంత, దాన్ని పోను మాత్రమే లెక్కిస్తారా, రానూపోనూనా?

ఒక లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దగ్గర బండి ఆగింది. హైదరాబాద్ అక్కణ్ణుంచి సుమారు 135 కిలోమీటర్లు. బండిని హైదరాబాద్‌లోని మీ షోరూమ్‌కే చేర్చాలంటే 50 పోగా 85 కిలోమీటర్లకి మీరు కట్టాలి. కిలోమీటరుకి 20 రూపాయలనుకుంటే 1,700. రానూపోనూ లెక్క అయితే 3,400. టోల్ ఖర్చు చాలా ప్లాన్లలో వేరే. అదే 100 కిలోమీటర్ల ప్లాన్ అయితే మీ జేబులోంచి పోయేది 35 కిలోమీటర్ల డబ్బే. జాతీయ రహదారుల మీద తరచూ తిరిగేవాళ్లు రెండు మూడు వందలు ఎక్కువైనా 100 కిలోమీటర్ల ప్లానే తీసుకోవాలి.

నాది ఆటోమేటిక్. ఎలక్ట్రిక్ కారు కూడా ఉంది. ప్రత్యేకంగా ఏం చూడాలి?

ఫ్లాట్‌బెడ్ గ్యారంటీగా పంపుతామని ప్లాన్‌లో ఉండాలి. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆపి, నడిపే చక్రాలు రోడ్డు మీద దొర్లుతుండగా లాక్కెళ్తే లోపలి భాగాలకి ఆయిల్ అందక అరిగిపోతాయి. ఎలక్ట్రిక్ కార్లలో చక్రాలు తిరిగితే మోటార్ కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది, అది ఎలక్ట్రానిక్స్‌ని పాడుచెయ్యొచ్చు. ఆల్ వీల్ డ్రైవ్ బళ్లదీ ఇదే పరిస్థితి. నాలుగు చక్రాలూ నేల వదలాలి.

ఎలక్ట్రిక్ కారులో ఇంకో రెండు విషయాలున్నాయి. ఛార్జింగ్ అయిపోవడాన్ని “డ్రైవర్ పొరపాటు” కింద తీసేసే ప్లాన్లున్నాయి, అది కవర్ అవుతుందో లేదో చూడండి. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే కారు స్టార్ట్ కాదు. కాల్ సెంటర్‌కి ఆ తేడా చెప్పకపోతే జంప్ స్టార్ట్‌తో (వేరే బ్యాటరీ నుంచి కేబుల్స్‌తో కరెంటు ఇచ్చి స్టార్ట్ చెయ్యడంతో) పోయేదానికి టోయింగ్ వ్యాన్ పంపి మీ ఏడాది కోటాలో ఒకటి తగ్గిస్తారు.

బ్యాటరీ దిగిపోతే వాళ్లొచ్చి ఏం చేస్తారు?

జంప్ స్టార్ట్ చేస్తారు, అంతే. బ్యాటరీ ఆరోగ్యం వాళ్ల పని కాదు. మంచి మనిషైతే మీటరు పెట్టి చూస్తాడు. కాసేపు ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వస్తే సగం ఖాళీ. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అప్పుడూ 12 చిల్లరే చూపిస్తే తప్పు బ్యాటరీది కాదు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో దాని బెల్టుదో. అలాంటి బండిని జంప్ స్టార్ట్ చేసి పంపేస్తే మళ్లీ కొన్ని కిలోమీటర్లకే ఆగుతుంది. అప్పుడు టోయింగే అడగండి.

సొంతంగా కేబుల్స్ పెట్టేవాళ్లు వరస గుర్తుంచుకోండి: ఎర్రది ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని చివరి కొస ఆగిన కారు ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి. ఆ కొసని బ్యాటరీ మైనస్‌కే పెడితే రవ్వ లేచినప్పుడు బ్యాటరీ వాయువు అంటుకునే ప్రమాదం ఉంది. స్టార్ట్ అయ్యాక బ్యాటరీ షాపు చేరేదాకా ఇంజిన్ ఆపకండి. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్టయ్యే కారైతే, అక్కడికక్కడే అమ్మజూపే మామూలు బ్యాటరీ వద్దనండి. వాటికి వేరే రకం కావాలి.

పంక్చర్ కూడా వేస్తారా?

చాలా ప్లాన్లలో “ఫ్లాట్ టైర్ సహాయం” అంటే మీ స్టెప్నీ బిగించడమే. పంక్చర్ వేస్తే దాని ఖర్చు మీదే. స్టెప్నీలో గాలి లేకపోయినా, అసలు స్టెప్నీ లేకపోయినా టోయింగ్ కింద లెక్కిస్తారు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కార్లవాళ్లు, స్టెప్నీ బదులు సీలెంట్ డబ్బా వచ్చిన కార్లవాళ్లు ఇది తప్పక అడగాలి. సీలెంట్ టైరు అడుగున పడ్డ చిన్న మేకు రంధ్రానికే పనిచేస్తుంది, పక్క గోడ చీలితే పనికిరాదు.

అలాయ్ చక్రాలకి దొంగతనం కాకుండా ప్రత్యేక నట్టు బిగించి ఉంటే దాని తాళపు ముక్క ఎక్కడుందో ముందే చూసుకోండి. అది ఇంట్లో ఉండిపోతే వచ్చిన మనిషి చేతులెత్తేస్తాడు. సన్నని టెంపరరీ స్టెప్నీతో గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. ఆ అంకె చక్రం మీదే ముద్రించి ఉంటుంది.

పెట్రోల్ అయిపోతే, లేదా డీజిల్ బండిలో పెట్రోల్ పోస్తే?

అయిపోతే సాధారణంగా 5 లీటర్ల దాకా తెచ్చిస్తారు. తేవడం ఉచితం, ఇంధనం ధర మీది. సీఎన్‌జీ తేలేరు. కాబట్టి ఆ బళ్లలో ఎప్పుడూ కొన్ని లీటర్ల పెట్రోల్ ఉంచుకోవాలి.

తప్పు ఇంధనం పోశారని బంకులోనే తెలిస్తే తాళం తిప్పొద్దు, స్టార్ట్ చెయ్యొద్దు. డీజిల్ హై ప్రెషర్ పంపుకి డీజిలే కందెన. పెట్రోల్ వెళ్తే లోహం లోహంతో రాసుకుని, పొడి ఇంజెక్టర్ల దాకా పోతుంది. స్టార్ట్ చెయ్యకపోతే ట్యాంకు ఖాళీ చేయించే ఖర్చుతో పోతుంది. స్టార్ట్ చేస్తే బిల్లు లక్ష దాటొచ్చు. ఈ సందర్భంలో కొన్ని ప్లాన్లు టోయింగ్ మాత్రమే ఇస్తాయి, ట్యాంకు శుభ్రం చెయ్యడం మీ ఖర్చే.

తాళం లోపల ఉండిపోతే?

అద్దం పగలగొట్టరు, కొన్ని ప్లాన్లలో డోర్ తెరవడానికి కూడా ప్రయత్నించరు. ఇంటి నుంచి రెండో తాళం తెచ్చిస్తారు, దానికీ కిలోమీటర్ల పరిమితి ఉంటుంది. రిమోట్ పనిచెయ్యకపోతే ముందు దానిలోని నాణెం బ్యాటరీ మార్చి చూడండి.

వరద నీళ్లలో బండి ఆగింది. ఫోన్ చేస్తే వస్తారా?

ఒకట్రెండు కార్లు మునిగితే వస్తారు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు వచ్చినంత వరదైతే ఏ ప్లానూ టైముకి ఆదుకోలేదు. ప్రకృతి విపత్తుల్లో బాధ్యత లేదనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

అంతకన్నా ముఖ్యం, బండిని మళ్లీ స్టార్ట్ చెయ్యకండి. సిలిండర్‌లోకి వెళ్లిన నీళ్లు నలగవు, పిస్టన్ పైకి లేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగాక సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజిన్ పోయిందని ఇన్సూరెన్స్ సర్వేయర్ రాస్తే మామూలు పాలసీలో ఆ క్లెయిమ్ నిలవడం కష్టం. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే వేరే యాడ్-ఆన్ ఉండేది ఇందుకే. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో ఫొటో తీసి, వీలైతే బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఫ్లాట్‌బెడ్ కోసం చూడండి.

ఘాట్ రోడ్లు, అడవి దారుల్లో?

ఇక్కడ ప్లాన్ కన్నా ముందుజాగ్రత్త ఎక్కువ పనిచేస్తుంది. అరకు, మారేడుమిల్లి–చింతూరు, నల్లమల దారుల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. యాప్ మాత్రమే నమ్ముకునే కంపెనీ అక్కడ పనికిరాదు. మామూలు కాల్‌తో, ఎస్సెమ్మెస్‌తో కేసు నమోదు చేసుకునేదై ఉండాలి. హైదరాబాద్–శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. సాయంత్రం ఆలస్యంగా లోపల బండి ఆగితే వ్యాన్ కూడా చెక్‌పోస్టు దాటి రావడం కష్టమే. చీకటి పడేలోపు అడవి దాటేలా బయల్దేరండి.

ఘాట్ ఎక్కుతూ ఇంజిన్ వేడెక్కితే ఏసీ ఆపి, పక్కకి తీసి ఆపండి. రేడియేటర్ మూత కనీసం అరగంట దాకా ముట్టుకోకండి. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది.

హైవే మీద 1033 ఉండగా డబ్బు కట్టి ప్లాన్ ఎందుకు?

రెండూ వేర్వేరు పనులు. 1033 జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్. పెట్రోలింగ్ బండి, క్రేన్, అంబులెన్స్ పంపుతారు. వాళ్ల లక్ష్యం రోడ్డుకి అడ్డం తియ్యడం. బండిని సురక్షితమైన చోటికి చేరుస్తారు, మీ గ్యారేజీ దాకా తీసుకెళ్లరు. అందుకని హైవే మీద బండి లేన్‌లో ఆగిపోతే ముందు 1033కి, తర్వాత మీ కంపెనీకి చెయ్యండి. హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర త్రికోణం కనీసం 50 మీటర్ల వెనక, వేగంగా వచ్చే రోడ్డైతే 100 మీటర్ల దాకా పెట్టి, అందరూ దిగి క్రాష్ బారియర్ అవతల నిలబడాలి. ఎండగా ఉందని కారులోనే కూర్చోవడం అన్నిటికన్నా ప్రమాదం.

హెల్ప్‌లైన్ నంబరు గూగుల్‌లో వెతికితే సరిపోదా?

అస్సలు వద్దు. కస్టమర్ కేర్ పేరుతో మోసగాళ్లు పెట్టిన నంబర్లు వెతుకులాటలో పైన కనిపిస్తుంటాయి. బండి బుక్ చెయ్యడానికి పది రూపాయలు కట్టమని లింకు పంపినా, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టెయ్యండి. నంబరు పాలసీ కాగితం మీద నుంచే తీసుకుని ఫోన్‌లో సేవ్ చేసుకోండి, కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో కూడా పెట్టండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చెయ్యాలి.

బండిని వ్యాన్ ఎక్కించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఎక్కించకముందే నాలుగు వైపులా ఫొటోలు, ఓడోమీటర్ ఫొటో తియ్యండి. గీతలు ముందే ఉన్నాయా, వ్యాన్‌లో పడ్డాయా అన్న వాదనకి వేరే సాక్ష్యం ఉండదు. లాగే కొక్కెం స్టెప్నీ దగ్గరి టూల్ కిట్‌లో ఉంటుంది. బంపర్‌లోని చిన్న మూత తీసి బిగిస్తారు. కొన్ని కార్లలో దానికి ఎడమ మర ఉంటుంది, బలవంతంగా తిప్పితే పాడవుతుంది. గొలుసు సస్పెన్షన్ చేతులకి కడుతుంటే ఆపి, బెల్టు చక్రాలకి వెయ్యమనండి. విలువైనవి తీసేసి, డ్రైవర్ పేరు, వ్యాన్ నంబరు, బండి దింపే చోటు ఉన్న రసీదు తీసుకోండి.

ప్లాన్ కాగితంలో ఇంకా ఏయే షరతులు వెతకాలి?

ఏడాదికి ఎన్నిసార్లు అన్నది చూడండి. నాలుగు సాధారణం. ఒకే లోపానికి రెండోసారి పిలిస్తే రాని ప్లాన్లున్నాయి. కొన్న వెంటనే పని చెయ్యదు. స్వతంత్ర సంస్థల ప్లాన్లలో ఒక రోజు నుంచి వారం దాకా ఆగాల్సి రావచ్చు, కాబట్టి ఆగిన బండి పక్కన నిలబడి కొన్నది ఎందుకూ కొరగాదు. పసుపు నంబరు ప్లేటు ట్యాక్సీలకి ప్రైవేటు ప్లాన్ చెల్లదు. హోటల్ గది, ట్యాక్సీ ఇస్తామనే హామీ ఇంటికి 100 కిలోమీటర్ల అవతల ఆగి, ఆ రోజు బాగుకాకపోతేనే వర్తించేలా రాసి ఉంటుంది. ఆ హామీ చూసి ఎక్కువ ధర పెట్టకండి.

మేం అమెరికాలో ఉంటాం. గుంటూరులో ఉన్న నాన్నగారి కారుకి ఇక్కణ్ణుంచి తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. నమోదు నంబరు మాత్రం నాన్నగారిదే ఇవ్వండి. కేసు పెట్టేటప్పుడు, బండి అప్పగించేటప్పుడు వచ్చే ఓటీపీ మీ ఫోన్‌కి వస్తే అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ ఆయన రోడ్డు మీద. కాల్ సెంటర్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారో లేదో ఆయన చేతే ఒకసారి ఫోన్ చేయించి చూడండి.

సెకండ్ హ్యాండ్ కారుతో పాటు ప్లాన్ కూడా నాకు వస్తుందా?

తయారీదారు ప్లాన్ ఛాసిస్‌తో ఉంటుంది కాబట్టి సాధారణంగా వస్తుంది, సర్వీస్ సెంటర్‌లో యజమాని పేరు మార్పించాలి. ఇన్సూరెన్స్ యాడ్-ఆన్ పాలసీతో పాటే బదిలీ కావాలి. యాజమాన్యం మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు చెయ్యాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

ఈ సర్వీసు వాడుకుంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందా?

పోదు. జంప్ స్టార్ట్, టోయింగ్ లాంటివి ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగిన నష్టం) క్లెయిమ్ కిందికి రావు.

ఫోన్ చేస్తే రాలేదు. బయట డబ్బు కట్టి టోయింగ్ చేయించుకున్నాను. ఏం చెయ్యాలి?

బయటి వాళ్లని పిలిచేముందే కంపెనీకి చెప్పి, కేసు నంబరు మీద “మీరు పంపలేకపోతున్నారు, మేమే చేయించుకుంటున్నాం” అని మెసేజ్ పెట్టండి. ముందస్తు అనుమతి లేదన్న సాకుతోనే ఎక్కువ రీయింబర్స్‌మెంట్లు తిరస్కరిస్తారు. కాల్ రికార్డు, లొకేషన్ స్క్రీన్‌షాట్, వ్యాన్ బిల్లు దాచండి.

ఇన్సూరెన్స్ యాడ్-ఆన్ అయితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి, తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్. 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు. తయారీదారు, స్వతంత్ర సంస్థల మీదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వెయ్యాలి.